గోబ్లిన్ బాణానికి పోయిన కన్ను: గాయాల రూల్‌ని మూడుసార్లు మార్చిన కేస్

ఏడుగురు ప్లేయర్లు, నేను డీఎం, అంటే డంజన్ మాస్టర్, కథ నడిపిస్తూ రాక్షసుల్ని ఆడించేవాణ్ణి. ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్, టేబుల్ చుట్టూ కూర్చుని ఒక్కొక్కరు ఒక పాత్రని ఆడుతూ, డైస్ వేసి ఏం జరిగిందో తేల్చుకునే ఆట; ఐదో ఎడిషన్, 2014 రూల్స్. పార్టీ, అంటే ప్లేయర్ల పాత్రల గుంపు, మూడో లెవెల్‌లో ఉంది, నాలుగో సెషన్, అడవి దారిలో గోబ్లిన్లు మాటు వేసి ఉన్నాయి. గోబ్లిన్ అంటే ఏడు హెచ్‌పీ (హిట్ పాయింట్స్, దెబ్బ తగిలేకొద్దీ తగ్గే లెక్క) ఉండే బక్క ప్రాణి, గట్టిగా ఒక దెబ్బ తగిలితే పోతుంది, ఆ ఫైట్ నేను పెట్టిందే అందరూ కాస్త వేడెక్కుతారని, అరగంటలో అయిపోవాలి. అందులో ఒక గోబ్లిన్ మా రేంజర్ (అడవి విలుకాడి పాత్ర) మీద బాణం వేసింది, నా డైస్ మీద 20 పడింది. క్రిట్, అంటే మామూలుకన్నా గట్టి దెబ్బ. డ్యామేజ్ తొమ్మిది, రేంజర్ కింద కూడా పడలేదు, ఇంకా సగం పైనే హెచ్‌పీ మిగిలుంది. గానీ క్యాంపెయిన్ (సెషన్ల తరబడి సాగే కథ) మొదట్లో నేను చాలా గొప్పగా ప్రకటించిన రూల్ ఒకటుంది, డంజన్ మాస్టర్స్ గైడ్‌లో ఆప్షనల్‌గా ఇచ్చిన గాయాల పట్టిక వాడతాం అని. ఇరవై ముఖాల డైస్ వెయ్యి అన్నా. వేశాడు. ఒకటి పడింది.

ఒకటి అంటే కన్ను పోయింది.

అందరూ ఒక్కసారి అరిచారు, రేంజర్ ఆడే కుర్రాడు కూడా నవ్వాడు, భలే సీన్ అనుకున్నాడు. తర్వాత నేను రూల్ బయటికి చదివా: చూపుతో చేసే పెర్సెప్షన్ (గమనించడం) చెక్స్‌కి, దూరం నుంచి చేసే అటాక్స్‌కి డిసడ్వాంటేజ్. అంటే ప్రతిసారీ రెండు డైస్ వేసి తక్కువది తీసుకోవాలి. నవ్వు ఆగిపోయింది. "అన్నా, నేను ఆడేదే విల్లు కదా" అన్నాడు. లెక్క వేసి చూడండి, వాడికి మామూలుగా 65 శాతం తగిలే బాణం ఇప్పుడు 42 శాతమే తగులుతుంది, ఇది ఆ ఒక్క ఫైట్‌కి కాదు, ఎప్పటికీ. పోయిన కన్ను తిరిగి రావాలంటే రీజెనరేట్ లాంటి స్పెల్ కావాలి, అది ఏడో లెవెల్ స్పెల్, మా క్లెరిక్ (వైద్యం చేసే పూజారి పాత్ర) 13వ లెవెల్‌కి చేరితే గానీ చేతికి రాదు. మేం ఆడే స్పీడ్‌కి అది ఏళ్ల మాట.

ఆ రాత్రి సెషన్ అయిపోయాక వాడు మెసేజ్ పెట్టాడు, కొత్త క్యారెక్టర్ చేసుకోవచ్చా అని. కోపంగా కూడా కాదు, మామూలుగా అడిగాడు. అదే నన్ను ఎక్కువ గుచ్చింది.

అసలు ఆ పట్టిక ఎందుకు పెట్టానో చెప్పాలి, లేకపోతే నేనేదో శాడిస్ట్ డీఎం అనుకుంటారు. ఐదో ఎడిషన్‌లో గాయం అనేదే లేదు. హెచ్‌పీ ఒకటి ఉన్నా వంద ఉన్నా మనిషి ఒకేలా పోరాడతాడు. సున్నాకి వస్తే పడిపోతాడు, ప్రతి టర్న్‌కీ డెత్ సేవ్ (బతుకుతాడా లేదా తేల్చే రోల్) వేస్తాడు, పదీ ఆ పైన పడితే సక్సెస్, మూడు సక్సెస్‌లకి స్థిమితపడతాడు, మూడు ఫెయిల్స్‌కి చనిపోతాడు. గానీ అంత దాకా ఎవరు రానిస్తారు? క్లెరిక్ 60 అడుగుల దూరం నుంచి బోనస్ యాక్షన్‌లో (టర్న్‌లో అదనంగా దొరికే చిన్న పని) హీలింగ్ వర్డ్ అనే స్పెల్ వేస్తుంది, మూడు నాలుగు హెచ్‌పీ వస్తాయి, మనిషి లేచి కత్తి ఊపుతాడు, మళ్లీ పడతాడు, మళ్లీ లేస్తాడు. ఒక ఫైట్‌లో మా ఫైటర్ (కత్తి పట్టే యోధుడి పాత్ర) నాలుగుసార్లు పడి నాలుగుసార్లు లేచాడు, స్ప్రింగ్ బొమ్మలాగ. ఆ తర్వాత ఎనిమిది గంటలు పడుకుంటే లాంగ్ రెస్ట్ అయిపోయింది, హెచ్‌పీ మొత్తం తిరిగొచ్చేసింది, నిన్న చావు అంచు దాకా వెళ్లొచ్చినవాడు ఇవాళ పొద్దున్నే ఒళ్లు విరుచుకుంటున్నాడు. నాకిది ఒళ్లు మండేది.

దీనికి తప్పు డిజైనర్లది కూడా కాదు. హిట్ పాయింట్స్ ఐడియా పుట్టిందే యుద్ధనౌకల ఆటల నుంచి. దానికి ముందు సైన్యాల వార్‌గేమ్స్‌లో దెబ్బ తగిలితే మనిషి పోయినట్టే, ఒక్క హీరోని నడిపే ప్లేయర్లకి అలా ఠక్కున పోవడం నచ్చలేదు, అందుకని ఈ గేమ్ సృష్టికర్తల్లో ఒకడైన డేవ్ ఆర్నెసన్ నౌకల ఆటలోంచి ఆ పద్ధతి తెచ్చుకున్నాడు, అది 1974లో గేమ్‌తో పాటు అచ్చులోకి వచ్చింది. ఓడకి పది దెబ్బలు తగిలినా మునిగేదాకా తేలుతూనే ఉంటుంది కదా, మన ఫైటర్లు కూడా ఓడలే. 1979 డంజన్ మాస్టర్స్ గైడ్‌లో ఇంకో సృష్టికర్త గ్యారీ గైగాక్స్ హెచ్‌పీ అంటే ఒంట్లో రక్తం కాదు, ఎక్కువ భాగం నేర్పు, అదృష్టం అని వివరించాడు. అదే పుస్తకంలో సున్నా కింద పడినవాడు రౌండుకి ఒకటి చొప్పున దిగుతూ మైనస్ పదికి చనిపోతాడు, మధ్యలో బతికించినా వారం రోజులు పడకే, మైనస్ ఆరు దాకా వెళ్లొస్తే మచ్చో అవయవం పోవడమో డీఎం ఇష్టం. అంటే ఈ దురద నాకొక్కడికే పుట్టింది కాదు, మొదటి నుంచీ ఉన్నదే.

వేరే గేమ్స్ ఇంకా ముందుకెళ్లాయి. 1978 రూన్‌క్వెస్ట్‌లో ప్రతి దెబ్బకీ ఎక్కడ తగిలిందో డైస్ చెప్తుంది, ఒక్కో అవయవానికి విడిగా హెచ్‌పీ, కాలికి తగిలితే కాలు పోతుంది, మనిషి పోనక్కర్లేదు. రోల్‌మాస్టర్‌లో అయితే క్రిటికల్ పట్టికలే పేజీలకి పేజీలు, ఏ నుంచి ఈ దాకా తీవ్రత, ఏ ఎముక విరిగింది, రౌండుకి ఎంత రక్తం పోతోంది అన్నీ రాసుంటాయి. చదవడానికి మాత్రం మహా సరదాగా ఉంటాయి, ఒప్పుకుంటా.

ఇప్పుడు మా పట్టిక ఎక్కడ తప్పింది అన్నది చూద్దాం, ఎందుకంటే పైకి చాలా న్యాయంగా కనిపిస్తుంది. క్రిట్ తగిలినా, సున్నాకి పడినా, డెత్ సేవ్ ఐదు అంతకన్నా తేడాతో ఫెయిల్ అయినా పట్టిక మీద వెయ్యొచ్చు అని గైడ్ సూచిస్తుంది. నేను మూడూ పెట్టేశా. అందరికీ ఒకటే రూల్, రాక్షసులకీ అదే. సరిగ్గా మోసం ఉన్నది అక్కడే. ఒక ఫైట్‌లో ఐదు గోబ్లిన్లు నాలుగు రౌండ్లు కొడితే ఇరవై అటాక్స్, ఒక్కోదానికి క్రిట్ అవకాశం 5 శాతం, అంటే ఆ ఫైట్‌లో కనీసం ఒక్క క్రిట్ అయినా పడే ఛాన్స్ 64 శాతం. పట్టికలో మొదటి మూడు నంబర్లు కన్ను, చెయ్యి, కాలు పోవడం, అంటే 15 శాతం. గోబ్లిన్‌కి కన్ను పోతే ఏంటి, పోకపోతే ఏంటి, దాని ఆయుష్షే మూడు నాలుగు రౌండ్లు. ప్లేయర్ క్యారెక్టర్ మాత్రం క్యాంపెయిన్ మొత్తంలో వందల అటాక్స్ ఎదుర్కొంటుంది. ఇరవై ఫైట్లు ఆడితే పార్టీలో ఇద్దరో ముగ్గురో ఏదో ఒక అవయవం పోగొట్టుకోవడం దాదాపు ఖాయం, అదీ కథలో పెద్ద యుద్ధం కాబట్టి కాదు, డైస్ ఎక్కువసార్లు పడింది కాబట్టి. ఈ లెక్క నేను ముందే వేసుకోవాల్సింది. వేసుకోలేదు.

రెండో లోపం ఇంకా వింత. కన్ను పోయిన వారమే మా ఫైటర్ సున్నాకి పడ్డాడు, పట్టిక మీద నాలుగు వచ్చింది, కుంటు. నడక వేగం ఐదడుగులు తగ్గాలి, పరుగెత్తినప్పుడు సేవ్ (ప్రమాదం తప్పించుకునే రోల్) ఫెయిలైతే పడిపోవాలి. బాగుంది అనుకునేలోపే క్లెరిక్ హీలింగ్ వర్డ్ వేసింది, రూల్ ప్రకారం మ్యాజిక్ హీలింగ్ తగిలితే కుంటు పోతుంది. ఒక రౌండ్ అంటే గేమ్‌లో ఆరు సెకన్లు. వాడి కుంటు ఆరు సెకన్లు కూడా బతకలేదు. పక్కటెముకలు విరిగినా, లోపల దెబ్బ తగిలినా, పుండు పడినా అదే కథ, ఫస్ట్ లెవెల్ స్పెల్‌తో మాయం. అంటే ఈ పట్టికలో గాయాలు ప్రధానంగా రెండే రకాలు, ఒకటి చిటికెలో పోయేది, రెండోది క్యారెక్టర్ షీట్ చింపేసేది, నేను నిజంగా కోరుకున్న మధ్యరకం, అంటే మూడు వారాలు చేతికి కట్టుతో తిరిగే మనిషి, దాదాపుగా లేనే లేడు. క్లెరిక్ లేని పార్టీ అయితే ఆ మధ్యరకం నిలబడేదేమో, పక్కటెముకలకి పది రోజుల విశ్రాంతి అని కూడా రాసుంది. మాకు క్లెరిక్ ఉంది, హీలింగ్ చేయగల డ్రూయిడ్ కూడా ఉంది.

సో రేంజర్ కుర్రాడితో కూర్చున్నా. కన్ను వెనక్కి ఇచ్చేస్తా, జరగలేదనుకుందాం అన్నా. వాడు వద్దన్నాడు. వాడన్న మాట ఇప్పటికీ గుర్తుంది: "కన్ను పోయినవాళ్లు జీవితాంతం మొదటి రోజులాగే ఉండిపోరు కదా అన్నా, అలవాటు పడతారు కదా. ఈ రూల్‌లో అలవాటు పడటం అనేదే లేదు." అప్పటిదాకా నేను ఆ వైపు నుంచి ఆలోచించలేదు. ఇద్దరం కలిసి రాసుకున్నాం: గేమ్‌లో మొదటి నెల డిసడ్వాంటేజ్ మొత్తం ఉంటుంది, తర్వాత 60 అడుగులు దాటిన షాట్స్‌కే, ఆ తర్వాత పోయిన కన్ను వైపు నుంచి వచ్చేవాటిని గమనించడంలో మాత్రమే. ఆ నెలంతా వాడు పొద్దున్నే చెట్టుకి బాణాలు వేస్తూ కూర్చోవడం సీన్స్‌గా ఆడాడు, కొత్త క్యారెక్టర్ ఊసు మళ్లీ ఎత్తలేదు.

పనిలో పనిగా మిగతావాళ్లని కూడా విడివిడిగా అడిగా, ఒంటి మీద ఏ రకం గాయాలు మీకు గేమ్‌లో వద్దు అని. మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న ఇది. ఒకరు దవడ, పళ్ల దెబ్బలు వద్దన్నారు, కారణం చెప్పలేదు, నేను అడగలేదు. ఆ లిస్ట్ నా స్క్రీన్ (నా డైస్, నోట్స్ కనిపించకుండా పెట్టుకునే అట్ట) వెనక అతికించి ఉంటుంది.

రెండో ప్రయత్నం గురించి తొందరగా చెప్పేస్తా, గొప్పగా ఏం లేదు. పట్టిక తీసేసి, ఒకే దెబ్బకి మొత్తం హెచ్‌పీలో సగం పోతే, వైద్యం జరిగేదాకా అన్ని రోల్స్‌కీ మైనస్ రెండు అని పెట్టా. సావేజ్ వరల్డ్స్ అనే గేమ్‌లో ఒక్కో గాయానికి మైనస్ ఒకటి ఉంటుంది, వాంపైర్‌లో దెబ్బలు పెరిగేకొద్దీ డైస్ తగ్గుతాయి, వాటిని చూసి. రెండు సెషన్లలోనే డెత్ స్పైరల్ మొదలైంది, దెబ్బ తిన్నవాడికి గురి తప్పుతుంది, గురి తప్పితే శత్రువు బతికుంటాడు, బతికున్న శత్రువు ఇంకో దెబ్బ వేస్తాడు, మూలిగే నక్క మీద తాటిపండు. ప్లేయర్లు భయపడి ప్రతి గుమ్మం దగ్గరా పావుగంట చర్చలు. ఆ గేమ్స్‌లో ఇది నడుస్తుంది, ఎందుకంటే సావేజ్ వరల్డ్స్‌లో బెనీ అనే టోకెన్ ఖర్చుపెట్టి గాయాన్ని తప్పించుకునే దారి ఉంది, వాంపైర్‌లో రోజుకి ఆరు ఫైట్లు పెట్టుకోరు. మా గేమ్‌లో ఆ తప్పించుకునే దారి పెట్టకుండా మైనస్ ఒక్కటే ఎత్తుకొచ్చా. మధ్యలో గైడ్‌లోనే ఉన్న గ్రిట్టీ రియలిజం అనే ఆప్షన్ కూడా ట్రై చేశాం, షార్ట్ రెస్ట్ ఎనిమిది గంటలు, లాంగ్ రెస్ట్ ఏడు రోజులు. అది స్పెల్స్ టైమింగ్ మొత్తం చెడగొట్టింది, విజార్డ్ ఆడే అమ్మాయి మేజ్ ఆర్మర్ అనే రక్షణ స్పెల్ ఎనిమిది గంటలే ఉంటుంది కదా, నా స్లాట్స్ (స్పెల్స్ వేసే కోటా) వారానికోసారి వస్తే ఎలా అని అడిగింది, సమాధానం లేక తీసేశా.

మూడో వెర్షన్‌కి దారి గర్ప్స్ అనే ఇంకో గేమ్‌లో దొరికింది. అందులో రెండు చిన్న విషయాలు ఉన్నాయి. ఒకటి, దెబ్బ తగిలిన షాక్ తర్వాతి టర్న్ వరకే, ఎంత పోయినా మైనస్ నాలుగు దాటదు, నొప్పి తెలుస్తుంది గానీ ఊబి కాదు. రెండోది నాకు మరీ నచ్చింది: చెయ్యో కాలో పనికిరాకుండా పోతే అది ఎన్నాళ్లు అనేది ఫైట్ అయ్యాకే హెల్త్ రోల్‌తో తేలుతుంది, తాత్కాలికమా, నెలల తరబడా, శాశ్వతమా అని. ఫైట్ మధ్యలో అవతలివాడి జాతకం తేల్చేయడం అంత పెద్ద తప్పని నాకు అప్పుడు అర్థమైంది. అప్పుడు అందరి దృష్టీ తర్వాతి టర్న్ మీద ఉంటుంది, ఒకడి జీవితం మారిపోతుంటే కూడా "సరే నెక్స్ట్ ఎవరు" అనే అంటారు. ఫైట్ అయ్యాక అయితే కట్టు విప్పి చూసే క్షణం ఒకటి వస్తుంది.

ఇంకో ముక్క ఫేట్ కోర్ అనే గేమ్ నుంచి తీసుకున్నా. అందులో గాయం అనేది నీ మీద పడే శిక్ష కాదు, ఫైట్‌లోంచి అవుట్ కాకుండా ఉండటానికి నువ్వు ఇష్టపడి కట్టే వెల, చిన్నది దెబ్బలో రెండు పాయింట్లు, మధ్యది నాలుగు, పెద్దది ఆరు మింగుతుంది. కోలుకోవడానికి బ్లేడ్స్ ఇన్ ది డార్క్ అనే గేమ్‌లోని గడియారం, నాలుగు గడులు గీసి డౌన్‌టైమ్‌లో (సాహసాల మధ్య ఖాళీలో) నింపుకుంటూ పోవడం.

ఇవన్నీ కలిపి చివరికి నిలిచింది ఇది. క్రిట్‌తో గాయం రాదు, అస్సలు. సున్నాకి పడ్డాకే ప్రశ్న. డెత్ సేవ్ ఫెయిలైనప్పుడు ప్లేయర్ కావాలంటే ఆ ఫెయిల్‌ని చెరిపేసి గాయం రాసుకోవచ్చు, పడినప్పుడల్లా ఒక్కసారి, ఏ అవయవమో ప్లేయరే చెప్తారు. లేచాక మొదటి టర్న్‌కి డిసడ్వాంటేజ్, అంతే, తర్వాత మామూలే. ఫైట్ అయ్యాక కాన్‌స్టిట్యూషన్ (ఒంటి గట్టిదనం) సేవ్, డీసీ (అందుకోవాల్సిన నంబర్) పది లేదా పడగొట్టిన దెబ్బలో సగం, ఏది ఎక్కువైతే అది, దెబ్బ తగిలినా స్పెల్ పట్టు నిలుపుకునే కాన్‌సెంట్రేషన్‌కి వాడే లెక్కే కాబట్టి ఎవరూ కొత్తగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. పాసైతే లాంగ్ రెస్ట్‌తో పోతుంది. ఫెయిలైతే నాలుగు గడుల గడియారం, వారానికో మెడిసిన్ చెక్, పాసైతే ఒక గడి. ఐదు అంతకన్నా తేడాతో ఫెయిలైతే శాశ్వతం, కానీ అలవాటు పడే మెట్లు ఉంటాయి, రేంజర్‌కి రాసినట్టే. హీలింగ్ స్పెల్స్ హెచ్‌పీ ఇస్తాయి, గడియారాన్ని ముట్టుకోవు, లెస్సర్ రెస్టొరేషన్ అనే స్పెల్ మాత్రం గాయానికి ఒక్కసారి రెండు గడులు నింపుతుంది.

దీని అసలు పరీక్ష పదిహేనో సెషన్‌లో, వంతెన మీద. ఆరో లెవెల్ పార్టీ, అవతల రెండు ఓగర్లు (భారీ రాక్షసులు), వెనక విలుకాళ్లు. ఫైటర్ వంతెన మధ్యలో అడ్డంగా నిలబడ్డాడు, అప్పటికే చాలా తినేసి ఉన్నాడు, ఓగర్ దుడ్డుకర్ర తగిలింది, నేను రెండు ఎనిమిది ముఖాల డైస్ వేసి నాలుగు కలిపా, 15. సున్నా. క్లెరిక్ వంతెనకి అవతలి చివర ఉంది, చూపు అందట్లేదు, మధ్యలో రెండో ఓగర్. మొదటి డెత్ సేవ్ ఏడు. ఫెయిల్, ఒకటి. వాడు రాసుకున్నాడు, గాయం తీసుకోను అన్నాడు. తర్వాతి రౌండ్‌లో విలుకాడి బాణం పక్కనున్న రోగ్ (చాటుగా దెబ్బతీసే పాత్ర) కోసం వచ్చింది, తప్పింది, అందరం ఊపిరి పీల్చుకున్నాం. రెండో సేవ్ వేశాడు, డైస్ దొర్లి దొర్లి పుస్తకానికి తగిలి ఆగింది. ఒకటి. ఒకటి పడితే రెండు ఫెయిల్స్ లెక్క, అంటే మొత్తం మూడు, అయిపోయినట్టే.

ఎవరూ మాట్లాడలేదు. వాడు షీట్ వైపు కాసేపు చూసి "కుడి చెయ్యి" అన్నాడు. నేను "కత్తి పట్టుకునేదేనా?" అన్నా. "అదే. దుడ్డుకర్రకి అడ్డం పెట్టింది ఆ చేత్తోనే కదా." ఒక ఫెయిల్ చెరిపాడు, రెండు మిగిలాయి, తర్వాతి టర్న్‌కి క్లెరిక్ అటు దూరి వచ్చి లేపింది. వాడు ఇష్టంతో ఇచ్చిన చెయ్యి అది. గోబ్లిన్ కన్నుకీ దీనికీ ఉన్న తేడా టేబుల్ చుట్టూ ఉన్న మొహాల్లోనే కనిపించింది, ఒక్కడు కూడా "అన్యాయం" అనలేదు.

ఫైట్ అయ్యాక సేవ్. 15లో సగం ఏడు, కాబట్టి డీసీ పదే. బోనస్ కలిపినా తొమ్మిది వచ్చింది. ఒక్క నంబర్ తేడాతో గడియారం మొదలైంది. ఆ తర్వాత మూడు సెషన్లు వాడు ఎడమ చేత్తో చిన్న కత్తితో పోరాడాడు, డాలు పట్టుకోలేడు, ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలకుండా కాపాడే అంకె) రెండు తగ్గింది. ఎప్పుడూ వెనక నక్కే రోగ్ నోరు తెరవకుండా వాడి కుడి పక్కకి వచ్చి నిలబడటం మొదలుపెట్టింది. నేను రాయని రూల్ అది.

అంతా బాగుందని చెప్పను. క్లెరిక్ ఆడే అక్క మొదట్లో నొచ్చుకుంది, నేను ఈ క్లాస్ తీసుకున్నదే మీ అందరినీ బాగుచేయడానికి, నా స్పెల్ పనిచేయదంటే నేనెందుకు అంది. ఆమె మాటలో న్యాయం ఉంది, అందుకే లెస్సర్ రెస్టొరేషన్ ముక్క చేర్చింది, అది నా ఐడియా కూడా కాదు, ఆమెదే. బార్బేరియన్ ఆడేవాడిది ఇంకో రకం తలనొప్పి, వాడికి కాన్‌స్టిట్యూషన్ సేవ్ ఎలాగూ గట్టిదే కాబట్టి గాయాలు ఫ్రీగా వచ్చిన లైఫ్‌ల్లాగ వాడేస్తున్నాడు, ఇప్పటికి నాలుగు తీసుకుని నాలుగూ రెస్ట్‌తో పోగొట్టుకున్నాడు. గడియారం నడుస్తుండగా రెండో గాయం తీసుకుంటే డీసీ ఐదు పెరగాలి అని పెడదామనుకుంటున్నా, కానీ వాడు పాసైపోతున్నాడు కాబట్టి వాడికి గడియారమే మొదలవ్వదు, ఆ రూల్ మళ్లీ ఫైటర్ నెత్తినే పడుతుంది. దీనికి ఇంకా మందు దొరకలేదు.

ప్రస్తుతానికి ఫైటర్ గడియారంలో మూడు గడులు నిండాయి. నాలుగోది నిండాలంటే ఇంకో వారం ఆగాలి, పార్టీ వెతుకుతున్న, ఎవరో ఎత్తుకుపోయిన పిల్లాడి జాడ అప్పటికి చల్లారిపోతుంది. పోయిన సెషన్ చివర్లో గంటసేపు దాని గురించే వాదించుకున్నారు, నేను స్క్రీన్ వెనక నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. రేంజర్ కుర్రాడు "నేను ముందు నడుస్తా, నువ్వు నా గుడ్డి పక్కన ఉండు" అన్నాడు. ఫైటర్ కత్తి ఎడమ చేతిలోకి మార్చుకున్నట్టు షీట్ మీద రాసుకున్నాడు, శనివారం అక్కడి నుంచే మొదలు.